కాంటా మీద నిలబెట్టిన పిల్ల

నన్ను ఎవరు బాగా పెంచుతున్నారో తేల్చడానికి మా చర్చి సంఘం పెద్దలు నన్ను కాంటా మీద నిలబెట్టి తూచారు. మాటవరసకు అంటున్నది కాదిది. బోధన్‌లో మా చర్చి పక్కనున్న రేషన్ దుకాణంలో, బియ్యం బస్తాలు తూచే ఇనుప కాంటా మీద, చెప్పులు విప్పించి, నిజంగానే తూచారు. తూచి చిట్టీ కూడా రాశారు. ఎనభైల చివర్లో సంగతి. అప్పుడు నాకు పదేళ్లు.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. అమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. ఆమె సర్కారు ఏఎన్ఎం, ఊళ్లల్లో నర్సమ్మ అంటారు. ఆమెకు ధర్పల్లికి బదిలీ అయినప్పుడు నౌకరీ మానెయ్యమని బాపు అన్నాడు. నువ్వే మానెయ్యరాదా అని అమ్మ అంది. ఆ ఒక్క మాటకు బాపు మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు అమ్మ ట్రంకుపెట్టె సర్దుకుని ధర్పల్లి బస్సెక్కింది. వాళ్లు విడిపోవడానికి ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉండి ఉంటుందని పెద్దయ్యాక చాలా వెతికాను. దొరకలేదు.

ఐదో తరగతి పూర్తయ్యేదాకా స్కూలు పేరు చెప్పి నన్ను బోధన్‌లోనే ఉంచారు. పరీక్షలు కాగానే, జూన్‌లో ఆరో తరగతికి ఎక్కడ చేర్పించాలి అన్నప్పుడు మొదలైంది అసలు లొల్లి. ధర్పల్లిలో చేరితే అమ్మ దగ్గర, బోధన్‌లో చేరితే బాపు దగ్గర. కోర్టుకు పోతే పరువు పోతుందని పంచాయితీ సంఘం పెద్దల ముందుకు తెచ్చారు. నన్నెవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను: నాకు అమ్మ దగ్గర ఉండాలని ఉండేది. బాపు మీద కోపమేమీ లేదు. అమ్మ కావాలి, అంతే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చున్నారు. పాస్టరయ్య ప్రార్థన చేసి, "దేవుడే తొవ్వ సూపాలె" అన్నాడు. ఆ పని దేవుడికే వదిలేసినా బాగుండేది. కానీ మా సంఘంలో దేవుడి తర్వాత మాట్లాడే మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు బండ్లు తూచే గుమస్తా. ముప్పై ఏళ్లుగా అదే పని. అందరూ కాంటా సార్ అనేవారు. చెరకు ఆడే క్రషింగ్ సీజన్ అయిపోయి నెల దాటింది. బండ్లు లేవు, తూచడానికి ఏమీ లేదు, ఆయన చేతులు దురద పెడుతున్నాయి. నాకు తెలిసినంతలో ఆ తర్వాత జరిగిందానికంతా మూలం ఆ దురదే.

"మాటలతోని ఏమైతది?" అన్నాడు. "నేను మంచిగ సూసుకుంట అని ఆమె అంటది, నేను సూసుకుంట అని ఈయన అంటడు. కాంటా అబద్ధమాడదు. నిండు బండి తూస్తం, ఖాళీ బండి తూస్తం, నడిమిట్ల ఎంతుంటె గంత చెరుకు. పిల్లను గూడ గట్లనే తూద్దాం. పదిహేను దినాలు తల్లి తాన, పదిహేను దినాలు తండ్రి తాన. చెరి రెండు వంతులు. పోయేటప్పుడు తూద్దాం, వచ్చినంక తూద్దాం. పిల్ల ఎవరి తాన పెరిగితె వాళ్లు మంచిగ సూస్తున్నట్టు. తరిగితె సూస్తలేనట్టు."

ఎవరో ఒకరు నవ్వుతారని చూశాను. ఒక్కరూ నవ్వలేదు. గంగిరెద్దుల్లా తలలూపారు. చదువుకున్నవాళ్లున్నారు అక్కడ. ఒక హెడ్మాస్టరు ఉన్నాడు, ఒక బ్యాంకు గుమస్తా ఉన్నాడు. ఆడవాళ్లు తొమ్మిదిమంది దాకా ఉన్నారు, తలా ముగ్గురు నలుగురు పిల్లల్ని కన్నవాళ్లు. అందరికీ అది మహా న్యాయంగా కనిపించింది. చెరకు పండే చోట పుట్టిన పాపం కాబోలు, మావాళ్లకు గేటు దగ్గర తూకం పడితేనే ఏదైనా లెక్క. తూకం పడనిది పొలంలో ఎంత ఏపుగా ఉన్నా లేనట్టే.

అమ్మ ఒక్కతే నోరు విప్పింది. "సార్, నేను వారానికి యాభై మంది పిల్లలను తూస్త. తూకం జూస్తె పిల్లకు తిండి సాలుతలేదా, కడుపుల పురుగులున్నయా, జ్వరమొచ్చి పోయిందా అని అనుమానమొస్తది. తల్లి మంచిదా తండ్రి మంచోడా అన్నది తెల్వది."

"నువ్వు తూసేది సంటి పోరగాండ్లనమ్మా. నేను టన్నులు తూసినోన్ని," అన్నాడు కాంటా సార్. ఇప్పుడు నవ్వారు అందరూ. బాపు కూడా నవ్వాడు. పిల్లల్ని తూచడమే నౌకరీగా చేస్తున్న మనిషికి పిల్లను తూచడం గురించి చెరకు గుమస్తా పాఠం చెప్పాడు, అది విని అందరూ సంతోషపడ్డారు.

రేషన్ డీలరు మా సంఘంవాడే. దుకాణం తాళం తీశాడు. నన్ను కాంటా ఎక్కించారు. కాంటా సార్ ఒంటికన్ను మూసి, కడ్డీ మీది తూకపు రాయి అటూ ఇటూ జరిపి, ఇరవై ఐదు కిలోల తొమ్మిది వందలు అన్నాడు. బట్టలకు అరకిలో తరుగు తీశాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకుకు అంటిన మట్టికీ ఆకుకూ అలాగే తీసేవాడట. చిట్టీ మీద ఇరవై ఐదు నాలుగు వందలు అని రాసి, ఒకటి అమ్మకు, ఒకటి బాపుకు ఇచ్చి, కార్బన్ కాపీ తన జేబులో పెట్టుకున్నాడు. మొదటి వంతు అమ్మది.

ఆ పదిహేను రోజుల్లో నేను నడిచినంత మళ్లీ ఎన్నడూ నడవలేదు. అమ్మకు ఐదు ఊళ్లు. పొద్దున జొన్నరొట్టె, తొక్కు తిని బయలుదేరేవాళ్లం. ఆమెకు ఒక చేతిలో మందుల పెట్టె, ఇంకో చేతిలో గొడుగు. చంటిపిల్లల్ని తూచే వేలాడే తక్కెడ నా భుజానికి. చెట్టుకొమ్మకు తక్కెడ కట్టి, గుడ్డ ఊయలలో పిల్లను పెడితే అమ్మ అంకె చెప్పేది, నేను రాసేదాన్ని. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే దారిలో ఏవేవో చెప్పేది. కడుపులో బిడ్డ ఎట్లా తిరుగుతుందో, కొందరు తల్లులకు పాలు ఎందుకు రావో, నేను పుట్టిన రోజు తనకు ఎంత భయమేసిందో. అడిగిందానికి దాచకుండా చెప్పేది. తెలియకపోతే తెలియదు అనేది. సాయంత్రాలు అద్దె ఇంటి యజమాని సైకిలు అడిగి తీసుకుని నాకు నేర్పింది. మోకాళ్లు చీరుకుపోయాయి, ఆమే కడిగి మందు రాసింది. రాస్తూ తిట్టింది కూడా. నేను అంత సంతోషంగా ఉన్న సెలవులు ఇంకేవీ లేవు.

కాంటా మీద అరకిలో తగ్గాను.

"సూసిండ్రా?" అన్నాడు కాంటా సార్. నా మోకాళ్ల మీది గాయాలను కూడా చూపించాడు, బండి చక్రం విరిగిందన్నట్టు. ఆడవాళ్లు నాలుకలు చప్పరించారు. నర్సమ్మ కూతురికే ఈ గతా అన్నారు. ఎండల్లో పిల్లను ఊళ్లు తిప్పుతుందట, తక్కెడ మోయిస్తుందట. అదంతా నేనే గొప్పగా వాళ్లకు చెప్పాను. గొప్పనుకుని చెప్పాను. సైకిలు తొక్కడం వచ్చింది అని కూడా చెప్పాను. దానికి చిట్టీలో చోటు లేదు.

రెండో వంతు బాపుది. ఆయన కాంటాను అర్థం చేసుకున్నంత బాగా నన్ను ఎన్నడూ అర్థం చేసుకోలేదు. పొద్దున హోటలు నుంచి పూరీ, కుర్మా. పది గంటలకు అరటిపండ్లు. మధ్యాహ్నం బగారన్నం, మాంసం. సాయంత్రం కోవా. పడుకునే ముందు చక్కెర పోసిన పాలు. ఎదురుగా కూర్చుని నేను తింటుంటే చూసేవాడు. ముద్ద నోట్లోకి పోతుంటే ఆయన గొంతు కూడా కదిలేది. నేనేమైనా చెప్పబోతే "మొదలు తిను" అనేవాడు. తిన్నాక చెప్పబోతే "కడుపు నిండిందా?" అనేవాడు. ఆ పదిహేను రోజుల్లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న అదొక్కటే. వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే కేకేసి లోపలికి పిలిచాడు.

"ఉరుకకు బిడ్డ. ఉరికితె సన్నగైతవ్. జర కూసో."

కూర్చున్నాను. మంచం మీద కూర్చుని, కిటికీలోంచి వేరే పిల్లలు ఆడుతుంటే చూశాను. ఒకరోజు బాపు నా తలకు నూనె రాసి జడ వేశాడు. వేశాడు అనడమే గాని, వెంట్రుకలు పీకి ముడివేశాడు. అంతలోనే చుట్టుపక్కల ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆడవాళ్లు గుమ్మంలో గుమికూడారు. "అయ్యో దేవుడా, ఆడిదాని లెక్క జేస్తుండు సూడుండ్రే!" ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి పొద్దునా అమ్మ నాకు జడ వేసింది. చూడటానికి కుక్క కూడా రాలేదు. బాపు ఒక్కసారి దువ్వెన పట్టుకుంటే ఆ వార్త సాయంత్రానికి పాస్టరయ్య దాకా పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, రెండు వేల సంవత్సరం దాటాక, నేను నిజామాబాద్‌లో టీచరుగా ఉన్నప్పుడు ఒక ట్రైనింగులో మాకు ఒక ఫారం పంచారు. పిల్లల పెంపకంలో తల్లీతండ్రీ బాధ్యత ఎంతెంత పంచుకుంటున్నారో కొలిచే ఫారం అది. పిల్లను స్కూలుకు ఎవరు తెస్తారు, హోంవర్కు ఎవరు చూస్తారు, జబ్బు చేస్తే సెలవు ఎవరు పెడతారు. ప్రతి దానికీ మూడు గడులు: తల్లి, తండ్రి, ఇద్దరూ. మేడమ్ చాలా శ్రద్ధగా చెప్పింది. నా పక్కనున్న ఇద్దరు సార్లు 'ఇద్దరూ' గడిలో వరసగా టిక్కులు కొట్టుకుంటూ పోయారు. ఒకాయనకు తన కొడుకు సెక్షను ఏదో గుర్తురాక ఇంటికి ఫోన్ చేసి భార్యను అడిగాడు. అడిగి వచ్చి, చదువు సంగతులు తెలుసుకునేది ఎవరు అన్న ప్రశ్నకు 'ఇద్దరూ' అని టిక్కు కొట్టాడు. నాకు కాంటా సార్ మీద కొంచెం గౌరవం పెరిగింది. ఆయన కనీసం రాయి జరిపి చూసేవాడు.

రెండో వంతు తూకంలో నేను ఇరవై ఆరు కిలోల మూడు వందలు. అంటే బాపు దగ్గర కిలో నాలుగు వందలు పెరిగాను. చప్పట్లు కొట్టారు. చర్చి పక్కన, రేషన్ దుకాణంలో, ఒక ఆడపిల్ల లావైందని పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. నాకు అరగక రెండు రోజులుగా పుల్లటి తేన్పులు వస్తున్నాయి. ఆ సంగతి ఎవరికి కావాలి? కాంటా సార్ బాపు భుజం తట్టాడు. "ఇంకో వంతు గిట్లనే వస్తె ఫికర్ లేదు, పిల్ల నీదే," అన్నాడు.

ఆ మాట చెవిన పడకముందే నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. అమ్మ దగ్గర తగ్గుతాననీ, తగ్గితే అమ్మ ఓడుతుందనీ మొదటి వంతు తూకంలోనే అర్థమైంది కదా. బాపు ఇంట్లో కిటికీ కింద ఒక డబ్బా ఉండేది. ఓవర్‌హాలింగ్‌లో తీసేసిన పాత నట్లు, బోల్టులు అందులో వేసేవాడు. ఆ ఫ్యాక్టరీ నట్లు మామూలువి కావు, ఒక్కొక్కటి పావుకిలోకు తక్కువుండదు. వాటిలోంచి నాలుగు తీసి, పాత చేతిరుమాల్లో కట్టి, నా సంచి అడుగున బట్టల కింద పెట్టుకున్నాను. బాపు ఫ్యాక్టరీకి పోయిన టైములో తీశాను. అమ్మకు చెప్పలేదు. చెబితే ఊరుకోదని తెలుసు.

మూడో వంతులో అమ్మ మారుతుందేమో అని కూడా ఆశపడ్డాను. "అవ్వా, నాకు దినాం రెండు గుడ్లు పెట్టు. నన్ను ఊళ్లకు తీస్కపోకు. ఇంట్లనే కూసుంట," అన్నాను.

"ఎందుకే?"

"బరువు పెరగాలె."

అమ్మ గొడుగు చేతికి తీసుకుంది. "నీ బరువు నీకు సరిపోయింది. గా ముసలాయన కోసం నిన్ను కోడిపిల్లను మేపినట్టు మేపాల్నా? లే, తక్కెడ దీస్కో," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ ఆమె మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. తను చెప్పింది నిజమని తెలిస్తే చాలు అనుకునే మనిషి. నిజమైతే గెలుస్తుంది అనుకునే మనిషి. బాపులో సగం తెలివి ఉన్నా నాకు పదిహేను రోజులు నెయ్యి పోసి పెట్టేది. పెట్టలేదు. మేము మళ్లీ ఐదు ఊళ్లూ తిరిగాం, మళ్లీ సైకిలు తొక్కాను, మళ్లీ సంతోషంగా ఉన్నాను, రోజూ నా చేతులు చూసుకుని సన్నబడుతున్నానని ఏడుపొచ్చేది.

తూకం రోజు పొద్దున అమ్మ ముఖం కడుక్కుంటుంటే, లంగా లోపల బొందుకు నట్ల మూట కట్టుకున్నాను. ధర్పల్లి నుంచి నిజామాబాద్ బస్సు, అక్కడ దిగి బోధన్ బస్సు. సీటులో కూర్చుంటే నట్లు తొడకు ఒత్తుకునేవి. నిజామాబాద్ బస్టాండులో అమ్మ ఎంత పిలిచినా హోటలుకు పోలేదు, ఏమీ తినలేదు, మూట కదులుతుందని. బోధన్‌లో దిగాక బస్టాండు నల్లా దగ్గర, అమ్మ ఎవరితోనో మాట్లాడుతుంటే, రెండు చెంబులకు సరిపడా నీళ్లు తాగాను. చర్చిలో ఆరాధన గంటన్నర. పాస్టరయ్య అబద్ధ సాక్ష్యం గురించి ప్రసంగించాడు. నాకు ఒకటికి వెళ్లాలని ప్రాణం పోతోంది, అందుకే బాగా గుర్తుంది.

దుకాణంలో ఎప్పటికంటే ఎక్కువమంది ఉన్నారు. కాంటా ఎక్కి నిలబడ్డాను. కాంటా సార్ రాయి జరిపాడు. ఇంకా జరిపాడు. ఇరవై ఏడు దాటింది. అమ్మ ఆశ్చర్యంగా నా వైపు చూసింది. నేను సంతోషం పట్టలేక, ఆ ముసలాయన ముఖం చూడాలని పక్కకు తిరిగాను. బొందు దగ్గర రుమాలు ముడి ఊడింది. ఒక నట్టు కాంటా ఇనుప పలక మీద ఠంగుమని పడింది. దాని వెనకాల మిగతా మూడూ పడ్డాయి.

కాంటా సార్‌కు కోపం రాలేదు. ముఖం వెలిగిపోయింది. "ముప్పై ఏండ్లు," అన్నాడు అందరివైపు తిరిగి. "బండి అడుగున రాళ్లు వెట్టి తెచ్చెటోళ్లను సూసిన. చెరుకుకు నీళ్లు గొట్టి తెచ్చెటోళ్లను సూసిన. పిల్ల నడుముకు నట్లు గట్టి తెచ్చుడు ఇయ్యాల్నే సూస్తున్న." తర్వాత నా వైపు వంగాడు. "ఎవరు గట్టిండ్రు బిడ్డా? భయపడకు, చెప్పు."

నేనే అని చెప్పడానికి రెండు అక్షరాలు చాలు. నా నోరు పెగల్లేదు. అంతమంది కళ్లు నా మీదున్నాయి, కడుపు నిండా నీళ్లున్నాయి. ఇవన్నీ సాకులే. పదేళ్ల పిల్లను కదా అని నాకు నేను చాలాసార్లు మాఫీ చేసుకున్నాను. ఆ మాఫీ ఎన్నడూ నిలవలేదు.

బాపు వంగి ఒక నట్టు చేతిలోకి తీసుకున్నాడు. దాని ఒక పక్కన ఎర్ర రంగు అంటి ఉంది. గుర్తు కోసం ఆయనే పూశాడు, ఆయన డబ్బాలో సగం నట్లకు అదే రంగు. తిప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అవి తన ఇంట్లోవి. అమ్మ ఆ ఇంటి గడప తొక్కి ఏడాది దాటింది. అవి నా దగ్గరికి ఎట్లా వచ్చాయో లెక్క కట్టడానికి ఫిట్టరు బుర్ర అక్కర్లేదు. "ఇవి నావి" అంటే చాలు. ఆయన మిగతా మూడు కూడా ఏరి జేబులో వేసుకున్నాడు.

అమ్మ నట్లను చూడలేదు. నన్నే చూస్తోంది. కాంటా సార్ మళ్లీ అడిగాడు, ఈసారి కొంచెం గట్టిగా. అప్పుడు అమ్మ అంది:

"దాన్నేం అడుగుతరు సార్? నేనే గట్టిన."

గోల మొదలైంది. సర్కారు నౌకరీ చేసుకుంటూ ఇదేం బుద్ధి అని ఒకరు. తక్కెడ చేతిలో ఉంటే మోసం చెయ్యడం కూడా వస్తుంది అని ఇంకొకరు. అబద్ధం నేర్పే తల్లి దగ్గర ఆడపిల్ల ఏమైపోతుంది అని హెడ్మాస్టరు. నాలుగో వంతు అవసరం లేదని కాంటా సార్ తేల్చేశాడు. పాస్టరయ్య కళ్లు మూసుకుని, మరుగైనదాన్ని వెలుగులోకి తెచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పాడు. దేవుడు ఆ దుకాణంలో ఉండి ఉంటే బస్తాల వెనక దాక్కుని ఉంటాడు.

వాళ్ల ప్రార్థన అయ్యేదాకా ఆగి అమ్మ అంది, "పిల్లను మళ్లొకసారి తూయుండ్రి. చిట్టీల తప్పు బరువు రాయొద్దు."

తీర్పు అయిపోయాక తూకమెందుకని కాంటా సార్‌కు అర్థం కాలేదు. అయినా తూకమంటే కాదనలేడు. తూచాడు. ఇరవై ఆరు నాలుగు వందలు. బట్టలు పోను ఇరవై ఐదు తొమ్మిది వందలు.

అమ్మ నా కడుపు మీద చెయ్యి వేసి, వేళ్లతో రెండుసార్లు తట్టింది. చంటిపిల్లల్ని చూసేటప్పుడు తట్టినట్టే. "నీళ్లెన్ని తాగినవే?" అని మెల్లగా అడిగింది.

"రెండు చెంబులు."

"ఇంకో కిలో తరుగు దీసి రాయుండ్రి సార్," అంది ఆయనతో. "ఇరవై నాలుగు తొమ్మిది వందలు."

ఆయన నోరు తెరుచుకుని చూసి, అదే రాశాడు. తను ఓడిపోయిన కాగితం మీద కూడా నా బరువు సరిగ్గా పడాలి ఆమెకు. ఆ దుకాణంలో అంతమంది ఉండగా, నేను నిజంగా ఎంతున్నానో తెలుసుకోవాలనుకున్నది ఆమె ఒక్కతే.

తర్వాత నన్ను దుకాణం వెనక్కి తీసుకుపోయింది. నేను కూర్చుంటే, ఎవరూ చూడకుండా చీర కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. చాలాసేపు పట్టింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకున్నాను. చెప్పి, చెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి పోవచ్చు. నేను లేచి లంగా సర్దుకున్నాను. "పో, బాపు నిలబడ్డడు," అంది అమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను చెప్పేసేదాన్నేమో అని ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. అది కూడా ఆమె మీదికి నెట్టడమే.

బాపు నన్ను సైకిలు మీద క్వార్టరుకు తీసుకుపోయాడు. దారిలో హోటలు దగ్గర ఆగి బగారన్నం పొట్లం కట్టించాడు. ఇంటికి రాగానే, కిటికీ కింద డబ్బా మూత తీసి, జేబులోంచి నాలుగు నట్లూ ఒక్కొక్కటే అందులో వేశాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. మూత పెట్టి, చేతులు కడుక్కుని, పళ్లెం ముందర పెట్టాడు.

"తిను బిడ్డ," అన్నాడు.

ఇవి నావే అని ఎందుకు చెప్పలేదు బాపూ అని నేను అడగలేదు. నువ్వెందుకు చెప్పలేదు అని ఆయన అడగలేదు. ఒకరు అడిగితే ఇద్దరం దొరికిపోతాం. అమ్మ ఆ సమయానికి ఇంకా నిజామాబాద్ కూడా చేరి ఉండదు. నాకు బాగా ఆకలిగా ఉంది, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అన్నం కలుపుకున్నాను. బాపు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. పళ్లెం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాచాను.